చీకటిలో చప్పుడు

ఉద్దేశం: ఆత్మరక్షణ హక్కు ఎంతవరకు వర్తిస్తుందో, అపరిచితుని ఎదుట ఆయుధం పట్టిన గృహస్థుడు ఎటువంటి పొరపాటుకు లోనుకాగలడో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

గౌతమీ, వసిష్ఠ పాయల నడుమ సముద్రం దాకా విస్తరించిన సీమ కోనసీమ. అందులో అమలాపురానికి చేరువనే ఉన్న ఐనవిల్లి సిద్ధివినాయక క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. పరీక్షల ముందు స్వామి సన్నిధిలో పూజించిన కలాలను విద్యార్థులు ప్రసాదంగా స్వీకరించడం అక్కడి ఆచారం. అటువంటి ఊరికి కొత్తవారి రాక వింత కాదు. యాత్రికులు వస్తారు. కొబ్బరి బేరగాళ్లు వస్తారు. ధనుర్మాసంలో తెల్లవారకముందే హరిదాసు చిడతలు మోగిస్తూ వస్తాడు. ఆ వెనుక బుడబుక్కలవాడు, గంగిరెద్దులవాడు. వీరి పేరేమిటో, ఊరేమిటో ఇంటివారికి తెలియదు. అయినా వాకిట నిలిచిన హరిదాసు అక్షయపాత్రలో గుప్పెడు బియ్యం పోయకుండా పంపే ఇల్లాలు అరుదు.

రాత్రివేళ ఆ ఊరికే మరొక ముఖం కనిపిస్తుంది. కోనసీమలో చాలా ఇళ్లు కొబ్బరితోటల నడుమ ఉంటాయి. పొరుగిల్లు కేకదూరంలోనే ఉన్నా చెట్ల గుబురులో కంటికి ఆనదు. పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫ్ దేశాల్లోనో, అమెరికాలోనో స్థిరపడగా వృద్ధ దంపతులు మాత్రమే మిగిలిన లోగిళ్లు ఎన్నో ఉన్నాయి. కుక్క మొరుగుతుంది. ఎండుమట్టపై అడుగు పడిన చప్పుడు వినిపిస్తుంది. తలుపు మూలన కత్తి ఉండనే ఉంది. ఆ క్షణంలో ఆ పెద్దాయన చేయి కత్తి వైపు సాగితే తప్పుపట్టడం సులభం కాదు. ఆయన భయం నిజమైనది. కత్తి అందుకున్న చేయి తరువాత ఏమి చేస్తుందన్నదే ఆలోచించవలసిన విషయం.

ఇటువంటి చీకటిని, ఇటువంటి చప్పుడును ఆదికవి ఏనాడో చిత్రించాడు. రామాయణంలోని అయోధ్యాకాండలో, రాముడు అరణ్యానికి వెళ్లిన తరువాత తన అంత్యరాత్రిన దశరథుడు కౌసల్యకు ఒక పాత కథ చెబుతాడు. అప్పుడతడు యువరాజు. వర్షాకాలపు రాత్రి, సరయూ తీరం. శబ్దాన్ని బట్టి లక్ష్యాన్ని ఛేదించగల విలుకాడనే పేరు అతనికి ఉంది. నీటిలో బుడబుడమనే ధ్వని వినిపించింది. ఏనుగు నీరు త్రాగుతున్నదని తలచి బాణం విడిచాడు. వినిపించినది మనిషి ఆర్తనాదం. అంధులైన తల్లిదండ్రుల కోసం కడవ ముంచుతున్న ముని కుమారుడు నేలకొరిగాడు. ఈ కథలో దశరథునికి ద్వేషం లేదు, దురుద్దేశం లేదు. ఉన్నవి మూడే: చీకటి, చప్పుడు, చేతిలో విల్లు. విల్లు లేకుంటే ఆ చప్పుడు ఏమిటో తెలుసుకోవడానికి అతడు నాలుగడుగులు ముందుకు వేసి ఉండేవాడేమో! శబ్దభేదిగా తనకున్న పేరే ఆ నాలుగడుగులను అనవసరం చేసింది. పండితులు ఈ ఘట్టాన్ని శాపవృత్తాంతంగా వ్యాఖ్యానించడం పరిపాటి. దీనిని ఆయుధవృత్తాంతంగా కూడా చదవవచ్చు.

అలాగని మన ప్రాచీనులు ఆత్మరక్షణను నిషేధించలేదు. ఇంటికి నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, చంపడానికి ఆయుధం ఎత్తినవాడు, ధనం అపహరించేవాడు, పొలం అపహరించేవాడు, భార్యను అపహరించేవాడు - ఈ ఆరుగురినీ స్మృతులు ‘ఆతతాయులు’ అన్నాయి. మీదికి వచ్చే ఆతతాయిని ఎదిరించి చంపినా దోషం లేదన్నాయి. ఈ ఆరింటిలో ప్రతి ఒక్కటీ ఒక చేష్ట అని విద్యార్థులు గమనించాలి. కొత్త ముఖం, చిరిగిన బట్ట, తెలియని భాష ఆ జాబితాలో లేవు.

ఆధునిక న్యాయశాస్త్రం కూడా చేష్టనే ప్రమాణంగా తీసుకుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 96 నుండి 106 వరకు ఉన్న సెక్షన్లు ఈ హక్కును వివరించాయి. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి 34 నుండి 44 వరకు గల సెక్షన్లయినవి. సంఖ్యలు మారినా సారం మారలేదు. తన శరీరాన్నీ ఇతరుల శరీరాన్నీ, తన ఆస్తినీ ఇతరుల ఆస్తినీ కాపాడుకొనే హక్కు ప్రతి వ్యక్తికీ ఉంది. సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు తలుపు పగులగొట్టి గాని, కన్నం వేసి గాని ఇంట చొరబడేవానిని ఎదిరించడంలో అతని ప్రాణం పోయినా, ఇతర షరతులకు లోబడి, అది నేరం కాదు. చట్టాన్ని గౌరవించే పౌరుడు ఆసన్నమైన దాడి ఎదుట పిరికివానివలె పారిపోవలసిన పని లేదని, ఆ క్షణంలో అతడు ఎంత బలం ప్రయోగించాడో త్రాసులో తూచరాదని 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

షరతులు మాత్రం గట్టివి. పోలీసుల సహాయం పొందడానికి వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు వర్తించదు. రక్షణకు అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయరాదు. పెరటిలో ఊరక నిలిచిన వ్యక్తి వేరు, తలుపు పగులగొట్టే వ్యక్తి వేరు. ఏమీ తీసుకోకుండా గోడ దూకి పారిపోతున్నవానిని వెంటాడి పొడిస్తే అది రక్షణ అనిపించుకోదు. పట్టుబడిన దొంగను కొబ్బరిచెట్టుకు కట్టి ఊరంతా తలా ఒక దెబ్బ వేయడం పల్లెల్లో న్యాయంగానే చెలామణి అవుతూ ఉంటుంది. చట్టం దృష్టిలో అది మరొక నేరం. కళ్లెదుట తీవ్రమైన నేరం చేసినవానిని సామాన్యుడు కూడా పట్టుకోవచ్చు గాని, జాప్యం లేకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటలలోగా పోలీసులకు అప్పగించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నిర్దేశిస్తున్నది.

ఇక ఆయుధం మాట. తుపాకీకి 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. ఆ చట్టం కింద చేసిన నిబంధనలు పొడవైన పదునుగల కత్తులను ఆయుధాలుగా లెక్కించినా, ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసిన పనిముట్లను మినహాయించాయి. దింపు కార్మికుని కత్తీ, కాయ ఒలిచే గునపమూ ఇంట ఉండటం నేరం కాదు. అందుచేత కోనసీమలో ఆయుధం లేని ఇల్లు లేదన్నా అతిశయోక్తి కాదు. ప్రశ్నంతా దానిని ఎత్తే చేతిదే.

పొరపాటున ఎత్తితే? దీనికి ఒడిశా హైకోర్టు చెప్పిన తీర్పు న్యాయవిద్యార్థులందరికీ పరిచితమైనది. బాలాసోర్ ప్రాంతంలోని రాసగోవిందపూర్ వద్ద పాడుబడిన విమానాశ్రయంలో దయ్యాలు తిరుగుతాయని ప్రతీతి. 1958లో ఒక రాత్రి ఆ దారిన వెళుతున్న బృందానికి దూరాన మినుకుమినుకుమనే వెలుగు కనిపించింది. వారితో ఉన్న నేపాలీ సేవకుడు అవి దయ్యాలేనని నమ్మి, ఖుక్రీ దూసి ఆ వెలుగు మీదికి ఉరికాడు. అక్కడ ఉన్నది లాంతరు పెట్టుకొని ఇప్పపూలు ఏరుకుంటున్న ఆదివాసీ స్త్రీలు. ఒకామె మరణించింది, మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. అతడు నిజంగానే దయ్యాలని నమ్మాడని, వాస్తవాన్ని సద్బుద్ధితో పొరబడ్డాడని భావించి న్యాయస్థానం అతనిని నిర్దోషిగా విడిచిపెట్టింది. తీర్పులో న్యాయం ఉండవచ్చు. కానీ పూలు ఏరుకోవడానికి వచ్చి ప్రాణం కోల్పోయిన ఆమెకు ఆ సద్బుద్ధి ఏమి ఒరగబెట్టింది? చట్టం విడిచిపెట్టిన చోటనే ఈ ప్రశ్న మొదలవుతుంది. పైగా, తగిన జాగ్రత్త వహించనిదే సద్బుద్ధి అనే మాట చెల్లదని శిక్షాస్మృతే నిర్వచించింది; ప్రతి పొరపాటుకూ ఈ రక్షణ దొరుకుతుందని ఎవరూ భావించరాదు.

తుపాకీ సులభంగా లభించే అమెరికాలో ఇటువంటి పొరపాటు ఇంటి వాకిటనే జరిగింది. 1992 అక్టోబరు 17న లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్ నగరంలో పదహారేళ్ల జపాన్ విద్యార్థి ఒకడు హాలోవీన్ విందుకు బయలుదేరి, పొరపాటున వేరే ఇంటి గంట మోగించాడు. తుపాకీతో వచ్చిన గృహస్థుడు ఆగమని హెచ్చరించాడు. పరాయి భాషలోని ఆ మాట పిల్లవానికి బోధపడలేదు, ముందుకే నడిచాడు. ఒకే గుండు. క్రిమినల్ కోర్టు గృహస్థుని నిర్దోషి అన్నది. తరువాత సివిల్ కోర్టు నష్టపరిహారం చెల్లించమన్నది. వేలాది తెలుగు కుటుంబాలు నేడు ఆ దేశంలో ఉన్నాయి. గుమ్మం తప్పడం ఎవరికైనా జరగగలదు.

ఒక్కని భయం కంటే గుంపు భయం భయంకరమైనది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ వాట్సాప్‌లో వచ్చిన వదంతులతో ఉభయ తెలుగు రాష్ట్రాల పల్లెల్లో కర్రలు, కత్తులు పట్టి రాత్రి కాపలాలు సాగాయి. భిక్షకులు, మతిస్థిమితం లేనివారు, దారి తప్పినవారు దెబ్బలు తిన్నారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది జూలై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి వద్ద హైదరాబాదుకు చెందిన ఒక యువ ఇంజనీరును గుంపు కొట్టి చంపింది. ఆ మిత్రబృందం చేసినదల్లా బడిపిల్లలకు చాక్లెట్లు పంచడం. ఇటువంటి హత్యల నివారణకు జిల్లాకొక నోడల్ అధికారిని నియమించాలని జూలై 17న సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఆ రోజుల్లోనే జోగులాంబ గద్వాల ప్రాంతంలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి మరొక దారి చూపారు. వదంతుల భయంతో అక్కడి జనం ఆరుబయట పడుకోవడం మానేశారు. ఆమె పోలీసులను ఊరూరికీ పంపి, డప్పు మీద, పాట రూపంలో ఆ సందేశాలు అబద్ధమని చెప్పించారు. తెలిసిన పోలీసు ముఖం ఊళ్లోకి రావడంతో తెలియని ముఖం పట్ల భయం తగ్గింది. వదంతి మాటగా వచ్చింది. దానిని మాటతోనే ఎదుర్కొన్నారు.

మళ్లీ తోట నడిమి ఇంటికి వద్దాం. చప్పుడు విన్న గృహస్థునికి మొదటి రక్షణ గడియ వేసిన తలుపు. రెండవది పెరటి దీపం. వెలుగు పడితే వచ్చినవాడు ఎవరో తెలుస్తుంది, దొంగ అయితే తొలగిపోవడానికి వీలూ కలుగుతుంది. 100కు గాని 112కు గాని ఫోను, పొరుగువారికి ఒక కేక. కత్తి దగ్గర ఉంటే ఉండనీ. తలుపు తీసుకొని దానితో చీకటిలోకి దిగడం మాత్రం తన బలాన్ని తానే వదులుకోవడం. ఎదుటివాడు బలవంతుడైతే ఆ కత్తి క్షణంలో చేతులు మారుతుంది. తలుపు విరిగి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు చట్టం అతని పక్షాన నిలుస్తుంది. అంతకుముందు కిటికీ వెనుక నుండి, గోదావరి యాసలో గట్టిగా, “ఎవరండీ అది? ఏం కావాలండీ?” అని అడగడానికి వ్యవధి సాధారణంగా ఉంటుంది. సరయూ తీరాన దశరథుడు అడగనిది ఆ ఒక్క మాటే.

అభ్యాసం

1. దశరథుని కథను ఆయుధవృత్తాంతంగా చదవవచ్చనడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. ‘ఆతతాయి’ శబ్దాన్ని వివరించి, నేటి చట్టంలోని ఆత్మరక్షణ హక్కుతో పోల్చండి.
3. ఒడిశా హైకోర్టు తీర్పుతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.