తూకం చెప్పేది, చెప్పనిది

మిరప కోతల రోజుల్లో మాచర్ల, గురజాల వైపు పొలాల్లో పొద్దంతా వంగి పనిచేసే ఒక కూలీ తల్లిని ఊహించుకుందాం. ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు. చూసినవాళ్లు "కష్టపడే మనిషి, సన్నగానే ఉంటుంది" అంటారు. లెక్క వేస్తే మాట మారుతుంది. ఎత్తును మీటర్లలో రాసి, దాన్ని దానితోనే హెచ్చించాలి: 1.5 × 1.5 = 2.25. బరువును దానితో భాగిస్తే 16.9 వస్తుంది. బి.ఎం.ఐ. అని డాక్టర్లు అనేది ఇదే. పెద్దవాళ్లలో ఇది 18.5కు తగ్గితే పోషణ లోపమే. 17కు తగ్గితే ఒక మోస్తరు లోపం, 16కు తగ్గితే తీవ్రమైనది. అంటే ఆ తల్లి కనీసం 42 కిలోలు ఉండాలి. నాలుగు కిలోలే గదా అనిపిస్తుంది గానీ, ఆమె ఒంట్లో అది పదో వంతు.

ఈ లెక్క కట్టిన బెల్జియం దేశస్థుడు కెట్లే వైద్యుడు కాడు, గణితవేత్త. జనాభా సగటుల కోసం 19వ శతాబ్దంలో కట్టాడు. దానికి ఇప్పటి పేరు 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ పెట్టారు. అదే కీస్ 1944-45లో, తమంతట తామే ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు దాదాపు సగం తిండే పెట్టి పరీక్షించారు. వాళ్ల బరువు నాలుగో వంతు తగ్గింది. గుండె నెమ్మదించింది, చలికి ఆగలేకపోయారు, ఏ పని మీదా మనసు నిలవలేదు, ఎప్పుడూ తిండి ధ్యాసే. పేదవాడు బద్ధకస్తుడని తేలిగ్గా అనేసే వాళ్లకు ఈ సంగతి చెప్పాలని మాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

తిండి తగ్గితే ఒళ్లు తననే తాను తింటుంది. కాలేయంలో దాచుకున్న చక్కెర ఒక రోజుకు మించి రాదు. ఆ తర్వాత కొవ్వు, దాంతోపాటే కండ. గుండె కూడా కండే కదా, అదీ చిక్కుతుంది. పేగుల లోపలి పొర పలచబడి తిన్నది ఒంటబట్టదు. రోగాన్ని ఎదుర్కొనే శక్తి పడిపోయి, మామూలు విరేచనాలు, న్యుమోనియా కూడా ప్రాణం మీదికి తెస్తాయి.

పిల్లలకు పెద్దల అంకెలు పనికిరావు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు బిడ్డకు జబ్బ చుట్టూ టేపు పెట్టి చూస్తారు. 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు, అంటే తీవ్ర లోపం, 12.5 దాకా పసుపు. ఇక్కడ తూకం మోసం చేసే సందర్భం ఒకటుంది. మాంసకృత్తులు అందని బిడ్డకు ఒక్కోసారి పాదాలు, ముఖం వాస్తాయి. ఆ నీరు బరువుగా తూగుతుంది, బిడ్డ బొద్దుగా ఉన్నాడని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. పాదం మీద వేలితో నొక్కి చూడండి. గుంట పడి అలాగే ఉండిపోతే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రక్తహీనతనూ తూకం చెప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు 59 శాతానికి రక్తం తక్కువ. అయిదేళ్ల లోపు పిల్లల్లో 31 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. కడుపులో పడినప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా ఉన్న వెయ్యి రోజుల్లో పోయిన ఎదుగుదల తర్వాత పూడటం చాలా కష్టం. భోజనంతోపాటే చాయ్ తాగితే అన్నంలోని ఇనుము ఒంటికి సరిగా అందదు. మన ఇళ్లలో ఈ అలవాటు ఎక్కువ. గంట ఆగి తాగితే చాలు.

పల్నాటి జొన్నకూడును శ్రీనాథుడు ఎద్దేవా చేశాడని అందరూ చెబుతారు. జొన్నలో తప్పు లేదు, జొన్న ఒక్కటే తిని బతకడంలో ఉంది. అలా బతికిన పేదల చర్మం ఎండ తగిలే చోట నల్లబడి పగిలే పెల్లాగ్రా జబ్బును హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో వివరించారు. తెల్లన్నం ఒక్కటే తిన్నా అంతే, లోపాల పేర్లు మారతాయి.

కాబట్టి రంజాన్ కిట్టు గురించి ఒక మాట. బియ్యం, నూనె, చక్కెర, సేమియాలతో కడుపు నిండుతుంది, కండ పట్టదు. ఫిత్రాను మొదటి నుంచీ ధాన్యం, ఖర్జూరం కొలిచే ఇచ్చేవారు. మన కిట్టులో చక్కెర కాస్త తగ్గించి కందిపప్పు, సెనగలు, వేరుసెనగపప్పు, బెల్లం, ఖర్జూరం చేర్చమని మా మనవి. హలీమ్ కనిపెట్టినవాళ్లకు ఈ లెక్క ముందే తెలుసేమో: గోధుమ, పప్పు, మాంసం ఒకే గిన్నెలో!

బాగా చిక్కిపోయిన మనిషికి జాలికొద్దీ ఒక్కసారే కడుపునిండా పెట్టకూడదు. రోజుల తరబడి పస్తున్న ఒంటికి హఠాత్తుగా తిండి అందితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర నిర్బంధ శిబిరాల నుంచి బయటపడిన వాళ్లలో కొందరు అలాగే చనిపోయారు. ఎరుపు టేపు బిడ్డకు కొద్దికొద్దిగా, గంటల లెక్కన పాలు పట్టాలి. అది డాక్టర్ల పర్యవేక్షణలో జరగాల్సిన పని. అలాంటి పిల్లల కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పోషకాహార పునరావాస కేంద్రాలు ఉన్నాయి, తల్లి కూడా అక్కడే ఉండవచ్చు. కూలి పోతుందని చాలామంది తల్లులు వెనకాడతారు. ఆ రోజుల కూలి డబ్బును సదకా నిధి నుంచి ఇవ్వగలిగితే, బిడ్డను ఆసుపత్రిలో చేర్చే పని ముందుకు కదులుతుంది.