జగదల్‌పూర్ ల్యాబులో నేర్చుకున్నవి

1. జన్యు సవరణ పాఠాన్ని నోబెల్ బహుమతితో మొదలుపెట్టకండి. బస్తర్‌లో సికిల్ సెల్ జబ్బుతో మొదలుపెట్టండి. ఒళ్లు నొప్పులతో మంచం పట్టిన చెల్లెలినో మేనమామనో చూసిన పిల్లలు తరగతిలో ఉంటారు. హిమోగ్లోబిన్‌కు సంబంధించిన హెచ్‌బీబీ జన్యువులో జీఏజీ ఉండాల్సిన చోట జీటీజీ పడింది, అంతే. అది చెప్పాక, జన్యువును సవరించే క్రిస్పర్ సంగతి వాళ్లే అడుగుతారు.

2. క్లాసులో ఎవరి రక్తమూ తీయొద్దు. "సార్, నాది చూడండి" అని ముందుకొచ్చేవాడు ఒకడుంటాడు. ఫలితం ల్యాబు గడప దాటితే పెళ్లి సంబంధాల దాకా పోతుంది. సికిల్ సెల్ పరీక్ష ఆసుపత్రిలో, గుట్టుగా జరగాలి. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ని.

3. క్రిస్పర్ ఎక్కడ కోయాలో చూపించే గైడ్ ఆర్‌ఎన్‌ఏ ఎంపిక కంప్యూటర్ మీదే నేర్పాలి. 20 అక్షరాల వరస, దాని పక్కనే డీఎన్‌ఏలో ఎన్‌జీజీ. చాప్‌చాప్ లాంటి ఉచిత సాధనం ఆ వరస ఇంకెక్కడ పొరపాటున తెగే ప్రమాదముందో కూడా చూపిస్తుంది. నెట్ పోయిన రోజు జన్యువు వరసను కాగితం మీద ఇచ్చి, పెన్సిలుతో జీజీలు వెతికించండి. నిజానికి అలా వెతికినవాళ్లకే బాగా గుర్తుంటుంది.

4. వర్చువల్ ల్యాబులో పిపెట్ జారదు, ఫ్రీజర్‌కు కరెంటు పోదు. అందుకే అది సరిపోదు. ముందు రంగునీళ్లతో చెయ్యి కుదురుకోనివ్వండి: మొదటి ఆపు దాకా నొక్కి, ముంచి, మెల్లగా వదలాలి. తర్వాత హాని చేయని ఈ.కోలై బ్యాక్టీరియాలో, నీలి రంగుకు కారణమయ్యే ల్యాక్‌జెడ్ జన్యువును సవరించే కిట్ తెరవండి. గైడు వేయని ప్లేటు నిండా నీలి కాలనీలొస్తాయి. గైడుతో పాటు మరమ్మతు నమూనా కూడా అందితే తెల్లవి వస్తాయి. గైడు వేసి నమూనా ఇవ్వని ప్లేటు దాదాపు ఖాళీ. "సార్, ఏమీ రాలేదు" అని దాన్ని పారేయబోతారు. ఆపండి. డీఎన్‌ఏ తెగింది, అతుక్కోలేక బ్యాక్టీరియా చచ్చింది. ఆ ఖాళీ ప్లేటు ముందు పిల్లల్ని ఎంతసేపు నిలబెడితే అంత మంచిది.

5. వాడిన ప్లేట్లు ఆటోక్లేవ్ అయ్యాకే బయటికి. ఇందులో చర్చ లేదు.

6. "ఈ చికిత్స మా ఊరికెప్పుడొస్తుంది?" అనే ప్రశ్న తప్పదు. 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ అనే క్రిస్పర్ చికిత్స హెచ్‌బీబీలోని ఆ తప్పు అక్షరాన్ని దిద్దదు, బీసీఎల్11ఏ జన్యువు పట్టు సడలించి పుట్టకముందటి హిమోగ్లోబిన్‌ను మళ్లీ తయారు చేయిస్తుంది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. సవరించిన కణాలు ఎక్కించే ముందు కీమోథెరపీ భరించాలి. ఢిల్లీలోని ఐజీఐబీ శాస్త్రవేత్తలు రూపొందించిన బిర్సా 101 అనే సికిల్ సెల్ చికిత్సను 2025 నవంబరులో ప్రకటించారు, అది పల్లె దాకా రావడానికి సమయం పడుతుంది. ఇవన్నీ దాచకుండా చెప్పండి. ఆ రోజే, అదే బోర్డు మీద, డాక్టరు రాసిస్తే ఇప్పుడే దొరికే హైడ్రాక్సీయూరియా మాత్ర గురించీ రాయండి.