అడవి అంటుకుంటే ఎవరు ఆర్పుతారు?

9.1 పాఠం మొదలుపెట్టే ముందు

కట్టెల పొయ్యి రాజెయ్యాలంటే మొదట ఏం పెడతారు? ఎండుటాకులు, చితుకులు, కొబ్బరి పీచు. లావుపాటి మొద్దును ఎవరూ ముందుగా పెట్టరు. అగ్గిపుల్ల గీసి ఎంతసేపు పట్టుకున్నా అది అంటుకోదు. ఈ సంగతి మీకు చిన్నప్పటినుంచీ తెలుసు. అడవిలో మంట గురించి తెలుసుకోవడానికి ఇది చాలు. అక్కడ కూడా మొదట కాలేది చెట్లు కావు, నేలమీద పరుచుకున్న ఎండుటాకులు, ఎండుగడ్డి.

ఈ పాఠంలో మనం హిమాలయాల దాకా వెళ్ళివద్దాం. ఉత్తరాఖండ్ రాష్ట్రపు కొండల్లో ప్రతి వేసవిలోనూ అడవులు తగలబడుతూ ఉంటాయి. అవి ఎందుకు అంటుకుంటాయి, అందువల్ల ఊళ్ళకు ఏమవుతుంది, ఎవరు వెళ్ళి ఆర్పుతారు అన్నది పాఠం చదివాక మీ మాటల్లో చెప్పగలుగుతారు. చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, దానికి నూరేళ్ళ చరిత్ర ఉంది.

9.2 ఒక మాట, దాని అర్థం

అడవిలో పుట్టే మంటను తెలుగులో కార్చిచ్చు అంటాం. చిచ్చు అంటే నిప్పు. కారు అనే మాటకు నలుపు, వానకాలం అనే అర్థాలతోపాటు అడవి అనే అర్థం కూడా ఉంది. అడవి దున్నను కారెనుము అనడం ఇందుకే. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు దావాగ్ని, దావానలం. దావం అంటే అడవి.

పాఠంలోని ప్రశ్న 1: దావానలం అనే పదాన్ని విడదీయండి. అది ఏ సంధి?

9.3 పిరూల్

ఉత్తరాఖండ్ కొండల్లో చిర్ అనే పైన్ చెట్టు విస్తారంగా పెరుగుతుంది. దాని ఆకులు మన వేపాకులా, మర్రి ఆకులా ఉండవు. సన్నగా, పొడుగ్గా, సూదుల్లా ఉంటాయి. ఎండాకాలం మొదలయ్యేసరికి ఈ సూదులు రాలి నేలమీద మందపాటి పరుపులా పేరుకుంటాయి. అక్కడివారు దీన్ని పిరూల్ అంటారు. దీనిమీద నడిస్తే కాలు జారుతుంది. పశువులు దీన్ని మేయవు. దీని కింద గడ్డి సరిగా మొలవదు. పైగా చిర్ చెట్టులో జిగురు ఉంటుంది. నిప్పు తగిలిందంటే ఇక చెప్పనక్కర్లేదు.

అదే కొండలమీద బాంజ్ అనే మరో చెట్టు ఉంది. ఇది ఓక్ జాతిది. దీని ఆకులు పశువులకు మేత, కొమ్మలు వంటచెరకు. దీని నీడలో నేల తడిగా ఉంటుంది. అందువల్ల బాంజ్ అడవి అంత సులభంగా అంటుకోదు. కాని మంట పదేపదే వస్తే బాంజ్ మొలకలు బతకవు. చిర్ బెరడు మందంగా ఉంటుంది కనుక పెద్ద చెట్టు తట్టుకుంటుంది. ఖాళీ అయిన చోట మళ్ళీ చిర్ మొలకలే లేస్తాయి. అంటే ఒక మంట వచ్చే ఏటి మంటకు చోటు చేసి పోతుంది.

మరి నిప్పు ఎక్కడినుంచి వస్తుంది? పిడుగుపాటు వల్ల అడవులు అంటుకోవడం మన దేశంలో అరుదు. దాదాపు అన్ని మంటలకూ మనిషే కారణం. పొలం గట్లమీద పొదలు నరికి కాల్చినప్పుడు గాలికి నిప్పు అడవిలోకి పోతుంది. ఆర్పకుండా పారేసిన బీడీముక్క చాలు. కొందరు కొత్త గడ్డి లేస్తుందని కావాలనే నిప్పు పెడతారు.

కొండమీద మంటకు ఒక గుణం ఉంది. అది పైకి వేగంగా పాకుతుంది. కింది మంట సెగకు పైనున్న ఆకులు ముందే వేడెక్కి సిద్ధంగా ఉంటాయి. మరి కిందికి పాకదా? కాలుతున్న పైన్ కాయలు వాలుమీద దొర్లుకుంటూ పోయి కింద కొత్త మంటలు పెడతాయి. ఆర్పడానికి వెళ్ళినవారు రెండు మంటల మధ్య చిక్కుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

9.4 ఎవరి ఇల్లు ఎలా నడుస్తుంది?

అడవి కాలితే నష్టం అని ఊరికే అంటే సరిపోదు. ఆ కొండ ఊళ్ళలో ఒక ఇల్లాలి దినచర్య చూడండి. పొద్దున్నే కొడవలి, తాడు పట్టుకుని అడవికి పోవాలి. పశువులకు గడ్డి, ఆకు కోసి వీపున మోసుకు రావాలి. ఊటనుంచి నీళ్ళు తేవాలి. మగవారిలో చాలామంది పనులకోసం మైదాన ప్రాంతపు పట్టణాలకు వలసపోయినవారే. దగ్గరి అడవి కాలిపోయిందంటే ఆమె మేతకోసం మరో కొండ ఎక్కాలి. ఒక గంట నడక రెండు గంటలవుతుంది. మేత దొరక్కపోతే గేదెను అమ్ముకోవాలి.

నేలమీద ఆకు, గడ్డి పోతే వాననీరు ఇంకదు. మొదటి గట్టి వానకే మన్ను కొట్టుకుపోతుంది. వేసవిలో ఊటలు సన్నబడతాయి. పొగవల్ల పిల్లలకు, ముసలివారికి ఊపిరాడదు. ఈ నష్టాలేవీ కాలిన హెక్టార్ల లెక్కలో కనబడవు. 2016 వేసవిలో ఉత్తరాఖండ్‌లో నాలుగు వేల హెక్టార్లకు పైగా అడవి కాలిందని ప్రభుత్వ లెక్క. అందులో ఎన్ని గేదెలు అమ్ముడుపోయాయో ఆ లెక్క చెప్పదు.

పాఠంలోని ప్రశ్న 2: మీ ఇంట్లో నీళ్ళు, వంటచెరకు లేదా గ్యాస్ తెచ్చే పని ఎవరిది? అవి రెట్టింపు దూరంనుంచి తేవలసివస్తే ఆ మనిషి రోజులో ఏ పని మానుకోవాలి? నాలుగు వాక్యాలు రాయండి.

9.5 మంటను ఎలా ఆర్పుతారు?

నీళ్ళతో అనుకుంటున్నారా? నిటారుగా ఉన్న కొండమీదికి ఫైరింజన్ పోదు. అక్కడ నీళ్ళూ ఉండవు. పచ్చి కొమ్మలు విరిచి వాటితో మంటను బాదుతారు. మంట పోయే దారిలో ముందుగానే ఆకులు ఊడ్చి, గడ్డి చెక్కి, మట్టి కనబడేలా ఒక బాట తీస్తారు. కాలడానికేమీ లేకపోతే మంట అక్కడ ఆగుతుంది. వేసవికి ముందే ఇలా శుభ్రం చేసి ఉంచే వెడల్పాటి బాటలను ఫైర్ లైన్లు అంటారు. కొన్నిసార్లు ఆ బాట అంచునుంచి ఎదురుమంట పెడతారు. అది వచ్చే మంటవైపు పోయి, మధ్యనున్న ఆకులను ముందే కాల్చేస్తుంది. అనుభవం లేనివారు చేయకూడని పని ఇది. గాలి తిరిగితే పెట్టినవారి మీదికే వస్తుంది. మధ్యాహ్నం కొండగాలి ఎక్కువ. అందువల్ల రాత్రిపూట, తెల్లవారుజామున ఆర్పడం తేలిక.

ఇప్పుడు ఆకాశంనుంచి కూడా సాయం అందుతోంది. ఉపగ్రహాలు భూమిమీది వేడిని పసిగడతాయి. ఆ సమాచారాన్ని అందుకునే కేంద్రాల్లో ఒకటి మన హైదరాబాదు దగ్గర షాద్‌నగర్‌లో ఉంది. అది జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానిది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004నుంచి ఈ పద్ధతిలో మంటల జాడ రాష్ట్రాలకు తెలుపుతోంది. ఇప్పుడు అటవీ సిబ్బంది సెల్‌ఫోన్లకే సందేశం పోతుంది. కాని ఉపగ్రహం ఎప్పుడూ ఒకే చోటు మీద ఉండదు. రోజులో కొన్నిసార్లు మాత్రమే అటుగా పోతుంది. ఈలోగా పుట్టిన మంటను మొదట చూసేది ఎదురుకొండ మీద గడ్డి కోసే మనిషే.

2016లోనూ, 2024లోనూ వాయుసేన హెలికాప్టర్లు నైనీతాల్ జిల్లా భీమ్‌తాల్ చెరువులో పెద్ద బకెట్లు ముంచి, వేల లీటర్ల నీళ్ళు మోసుకుపోయి మంటలమీద పోశాయి. చూడడానికి అది గొప్ప దృశ్యం. పత్రికల్లో ఫోటోలు వచ్చాయి. కాని పొగ కమ్మిన లోయలో హెలికాప్టర్ దిగలేదు. నీళ్ళు పోసిపోయాక మిగిలిన నిప్పురవ్వలను వెతికి ఆర్పడానికి మనిషి కాలినడకన పోవలసిందే.

అలా పోయినవారికి ఏం జరుగుతుందో 2024 జూన్ 13న తెలిసింది. అల్మోడా జిల్లాలోని బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పడానికి వెళ్ళిన అటవీ సిబ్బంది మంటల్లో చిక్కుకున్నారు. నలుగురు అక్కడే చనిపోయారు. తీవ్రంగా కాలిన మిగిలినవారిని ఆసుపత్రులకు చేర్చినా, వారిలోనూ కొందరు దక్కలేదు. ఇలాంటి పని చేసేవారిలో వేసవి నెలలకు మాత్రమే కుదుర్చుకున్న ఫైర్ వాచర్లు చాలామంది ఉంటారు. పచ్చి కొమ్మతో కార్చిచ్చు ముందు నిలబడే మనిషికి కనీసం నిప్పు తట్టుకునే బట్టలు, మంచి బూట్లు ఇవ్వాలి కదా!

9.6 ఆర్పవలసినవారే అంటించిన కాలం

పాఠం మొదట్లో నూరేళ్ళ చరిత్ర అన్నాం. ఇప్పుడు దాన్ని చూద్దాం.

1911 తర్వాత కొన్నేళ్ళలో బ్రిటిషు ప్రభుత్వం కుమావూఁ కొండల్లోని అడవులను రిజర్వు చేసింది. రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకు, చిర్ జిగురుకు వారికి అడవి కావాలి. ఊరివారికి మేపుకోవడంమీద, కట్టెలు కొట్టుకోవడంమీద ఆంక్షలు వచ్చాయి. వేసవిలో గడ్డికోసం నిప్పు పెట్టే పాత అలవాటు నేరమైంది. అధికారులకు కూలి లేకుండా మూటలు మోయవలసిన వెట్టి మరోవైపు. 1921 జనవరిలో బాగేశ్వర్ ఉత్తరాయణీ జాతరలో ప్రజలు వెట్టి చేయబోమని తీర్మానించుకున్నారు. ఆ వేసవిలో రిజర్వు అడవులు కొండ తర్వాత కొండగా తగలబడ్డాయి. చాలావాటిని జనమే అంటించారు. కాలినవి ఎక్కువగా సర్కారు లాభం చూసుకునే చిర్ అడవులు.

మరో మాట. మంట వస్తే ఆర్పడానికి ఊరివారిని పిలిచినా రాలేదు. ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసి, కొన్ని అడవులపై ఆంక్షలు సడలించింది. 1931లో వన పంచాయతీల నియమాలు వచ్చాయి. ఊరు తానే కొంత అడవిని చూసుకునే ఏర్పాటు ఇది. నేడు ఉత్తరాఖండ్‌లో పదకొండు వేలకు పైగా వన పంచాయతీలు ఉన్నాయి.

1927 నాటి భారత అటవీ చట్టం ప్రకారం, అడవిలో హక్కులు పొందేవారు మంటలు ఆర్పడానికి సాయపడాలి. చట్టం అలా అంటుంది గాని, అర్ధరాత్రి పక్కమీదనుంచి లేచి కొండెక్కేది చట్టం చెప్పిందని కాదు. అక్కడ తన ఆవు మేస్తుందని, తన ఊట ఉందని లేస్తారు.

పాఠంలోని ప్రశ్న 3: 1921లో ప్రజలు అడవిని కాల్చడం తప్పా, ఒప్పా? మీ అభిప్రాయానికి రెండు కారణాలు చూపండి. (దీనికి ఒకే సరైన జవాబు లేదు.)

9.7 ఏప్రిల్ 1 లోపల

అల్మోడా జిల్లాలోనే శీతలాఖేత్ అనే ప్రాంతం ఉంది. అక్కడి ఊళ్ళవారు ఒక చిన్న విషయం గమనించారు. పొలాల్లో నరికిన పొదలను కుప్పలు వేసి కాల్చడాన్ని అక్కడ ఓణ్ అంటారు. ఏప్రిల్, మే నెలల్లో కాలిస్తే ఆ సరికి పిరూల్ ఎండి సిద్ధంగా ఉంటుంది. నిప్పు అడవికి పోతుంది. అదే పని మార్చి నెలాఖరులోపల ముగిస్తే? పని మానుకోనక్కర్లేదు, తేదీ మార్చుకుంటే చాలు. అలా అందరూ కలిసి అనుకుని, ఏప్రిల్ 1ని ఓణ్ దినంగా జరుపుకోవడం మొదలుపెట్టారు. మంట కనబడితే ఆడవారు ముందుగా కొమ్మలు పట్టుకుని బయలుదేరుతారు. దీన్ని ఇప్పుడు శీతలాఖేత్ పద్ధతి అని మిగతా జిల్లాలకు చెబుతున్నారు.

పిరూల్‌ను ఏరి అమ్ముకునే దారి కూడా ఉంది. దాన్ని నొక్కి పొయ్యికి ఇటుకల్లా చేయవచ్చు. 2024 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం కిలో పిరూల్‌కు 50 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. అంతకుముందు ధర 3 రూపాయలు! గంపెడు సూదులు ఎత్తితే ఎంత తూగుతుందో ఒక్కసారి ఊహించుకుంటే, మూడు రూపాయలకు ఎవరూ ఎందుకు వంగలేదో తెలుస్తుంది.

9.8 మన వైపు

ఇది హిమాలయాల కథే కాదు. మన దేశపు అడవుల్లో మూడోవంతుకు పైగా తరచూ మంటలకు గురయ్యేవే. 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం కొండలు అంటుకున్నప్పుడు కూడా వాయుసేన హెలికాప్టర్లు రావలసివచ్చింది. మన అడవుల్లో పైన్ లేదు. ఎండిన బోద గడ్డి, రాలిన ఆకు ఆ పని చేస్తాయి. ఇప్పపువ్వు ఏరేవారు పువ్వు కనబడాలని చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. తునికాకు లేత చిగుళ్ళు రావాలని మరికొందరు పెడతారు. ఇప్పచెట్టు కింద చీపురుతో ఊడ్చినా, వల పరిచినా పువ్వు దక్కుతుంది, అడవీ దక్కుతుంది. కాని ఊడ్చే కష్టానికి పువ్వు ధర సరిపోవాలి. పిరూల్ లెక్క ఇక్కడా వర్తిస్తుంది.

9.9 అభ్యాసం

1. మీ ఊరికి దగ్గరలో అడవి గాని, గడ్డి కొండ గాని, బీడు గాని ఉంటే, అక్కడ మంటలు ఏ నెలల్లో వస్తాయో పెద్దవారిని అడిగి రాయండి. ఎందుకు వస్తాయో వారు చెప్పిన కారణం వారి మాటల్లోనే రాయండి.

2. మంట కొండపైకి వేగంగా ఎందుకు పాకుతుంది?

3. “హెలికాప్టర్ ఉండగా ఊరివారితో పనేముంది?” అని మీ స్నేహితుడు అన్నాడు. అతనికి పది వాక్యాల ఉత్తరం రాయండి.

జవాబు (ప్రశ్న 1): దావ + అనలం. సవర్ణదీర్ఘ సంధి.