కారు లాగు శక్తి తగ్గినపుడు: టర్బో ఇంజను దోషములను గుర్తించు విధము

జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోవువారిని శంషాబాదు విమానాశ్రయమునకు చేర్చుటకు ఊరిలోని అద్దెకారే ఆధారము. సిరిసిల్లలో అర్ధరాత్రివేళ ఎవరికైన జబ్బు చేసినచో కరీంనగరు ఆసుపత్రికి చేర్చునదియు తరచుగా అట్టి కారే. అటువంటి ప్రయాణము నడుమ బండి హఠాత్తుగా నీరసించి, డ్రైవరు ముందున్న పలకపై ఇంజను గుర్తుగల పసుపుపచ్చ దీపము వెలుగుట కలదు. పెడలును ఎంత త్రొక్కినను పికప్ రాదు.

మరునాడు వర్కుషాపులో “టర్బో పోయినది, క్రొత్తది వేయవలెను” అను మాట వినబడును. టర్బో మార్చుటకు వేలాది రూపాయలగును. కాని దోషము నిజముగా చీలిన ఒక రబ్బరు గొట్టములోనే ఉండవచ్చును. ఆ గొట్టము ఖరీదు టర్బో ఖరీదులో స్వల్పభాగము. బండి అప్పునకు నెలనెల వాయిదా కట్టుచున్న డ్రైవరునకు ఈ భేదము సామాన్యమైనది కాదు. కావున పరీక్ష ఏ వరుసలో జరుగవలెనో బండి యజమానులును, డ్రైవర్లును తెలిసికొనుట అవసరము.

టర్బో చేయు పని

కమ్మరి కొలిమిలో తిత్తి ఊదిన కొలది నిప్పు రాజుకొనును. ఇంజనులోను అంతియే. గాలి ఎక్కువగా అందినచో ఇంధనము ఎక్కువగా మండి, అధిక శక్తి పుట్టును. ఇంజనునుండి వృథాగా పోవు వేడి వాయువులతోనే ఈ గాలిని నెట్టించు ఉపాయమునకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచీ 1905లో పేటెంటు పొందెను.

టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చివరల రెండు రెక్కల చక్రములు ఉండును. పొగగొట్టమునకు పోవు వాయువులు ఒక చక్రమును త్రిప్పగా, రెండవది బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజనులోనికి పంపును. ఈ ఇరుసు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగును. దానిని కాపాడునది పలుచని నూనెపొర మాత్రమే. అదిమిన గాలి వేడెక్కును గనుక, ఇంటర్‌కూలరు అను పెట్టెలో చల్లబడి, రబ్బరు గొట్టములద్వారా ఇంజను చేరును. ఈ మార్గమున ఎచ్చట చిల్లి పడినను శక్తి తగ్గును. మన రోడ్లపై టాక్సీలుగా విరివిగా తిరిగిన 1,248 ఘన సెంటీమీటర్ల డీసెలు ఇంజను టర్బో సహాయముతోనే సుమారు 75 అశ్వశక్తిని ఇచ్చుచున్నది. టర్బో గాలి అందని యెడల అందులో పెద్దభాగము పోవును.

కోడులనగానేమి?

నేటి ఇంజనును ఒక చిన్న కంప్యూటరు నడిపించుచున్నది. గాలి ఎంత వచ్చినది, ఒత్తిడి ఎంత, వేడిమి ఎంత అను సంగతులను సెన్సార్లు దానికి తెలుపుచుండును. ఆ లెక్కలు ఉండవలసిన తీరున లేనిచో కంప్యూటరు దీపమును వెలిగించి, ఒక కోడును జ్ఞాపకముంచుకొనును. అవసరమైనచో ఇంజనుకు హాని కలుగకుండ శక్తిని తానే తగ్గించును. దీనినే మెకానిక్కులు లింప్ మోడు అందురు. కనుక శక్తి తగ్గుట కొన్ని వేళల ఇంజను చెడుటవలన గాక, దానిని కాపాడుటకై జరిగిన ఏర్పాటు మాత్రమే.

మనదేశమున కార్లకు ఈ ఏర్పాటు 2010 ఏప్రిల్ నుండి మొదటి దశగను, 2013 ఏప్రిల్ నుండి రెండవ దశగను విధింపబడినది. సామాన్యముగా స్టీరింగు క్రింద 16 పిన్నులు గల సాకెట్టు ఉండును. దానికి స్కానరును తగిలించి కోడును చదువవచ్చును. ‘పి’ అను అక్షరముతో మొదలగు కోడులు ఇంజనుకు, గేరుపెట్టెకు సంబంధించినవి. శక్తి తగ్గినపుడు తరచుగా కనబడునవి ఇవి:

పి 0299: టర్బో గాలి ఒత్తిడి ఉండవలసినదానికంటె తక్కువ.
పి 0234: ఆ ఒత్తిడి ఉండవలసినదానికంటె ఎక్కువ.
పి 0101: గాలిని కొలుచు సెన్సారు లెక్క సరిపడుట లేదు.
పి 0087: ఇంధనపు ఒత్తిడి మిక్కిలి తక్కువ.
పి 2463: పొగగొట్టపు మసి ఫిల్టరులో మసి పేరుకొన్నది.

పాఠకులు గమనింపవలసిన ముఖ్యాంశమొకటి కలదు. కోడు తీర్పు కాదు, ఆచూకీ మాత్రమే. థర్మామీటరు 102 డిగ్రీలు చూపినపుడు జ్వరమున్నదని తెలియునే గాని, అది మలేరియాయో టైఫాయిడో తెలియదు. అట్లే పి 0299 “ఒత్తిడి చాలదు” అని చెప్పును. “టర్బో చెడినది” అని చెప్పదు.

పరీక్ష వరుస

కోరుట్ల నుండి బయలుదేరిన ఒక డీసెలు కారులో పి 0299 కోడు వచ్చినదనుకొందము. తక్కువ ఖర్చు పరీక్షలు ముందుగను, ఎక్కువ ఖర్చువి తరువాతను జరుపవలెను.

1. కోడులన్నిటిని కాగితముపై వ్రాసికొనవలెను. దోషము కలిగిన క్షణమున వేగమెంత, ఇంజను చుట్లెన్ని అను వివరములు అనేక బండ్లలో నిలువయుండును. వాటిని గూడ వ్రాయవలెను. కోడును ముందే చెరిపివేసినచో దీపము ఆరును గాని ఆధారము పోవును.

2. ఎయిర్ ఫిల్టరును చూడవలెను. వరికోతల కాలపు ధూళియు, పొట్టును, మరమగ్గముల వీధులలో ఎగురు నూలుపీచును దానిని మూసివేయవచ్చును.

3. ఇంజను చల్లబడిన పిమ్మట టర్బోనుండి ఇంజనువరకు గల గొట్టములన్నిటిని తడిమి చూడవలెను. మడతల అడుగుభాగమున చీలిక దాగియుండును. బయట నూనెచెమ్మ, దానికి అంటిన మట్టి, కనబడినచోట గాలి కారుచున్నదని అనుమానింపవలెను. బరువుమీద ‘బుస్’మను శబ్దము, నల్లని పొగ ఇందుకు గుర్తులు. వదులైన క్లిప్పులను బిగింపవలెను.

4. టర్బోను అదుపుచేయు సన్నని గొట్టములను చూడవలెను. కొట్టములలో నిలిపిన బండ్లకు ఎలుకలు వీటిని కొరుకుట కలదు.

5. తాళము త్రిప్పి, ఇంజను నడుపకయే స్కానరులో ఒత్తిడి సెన్సారు అంకెను చూడవలెను. అది బయటి వాతావరణపు ఒత్తిడిని, అనగా మన ప్రాంతమున 100 కిలోపాస్కళ్లకు కొంచెము తక్కువ అంకెను చూపవలెను. చాల తేడా ఉన్నచో సెన్సారునో, దాని తీగెనో అనుమానింపవలెను.

6. పి 0087 కూడ ఉన్నచో డీసెలు ఫిల్టరును పరీక్షించి, అందు చేరిన నీటిని తీసివేయవలెను.

7. ఇవన్నియు సరిగానున్న పిమ్మటనే టర్బో వద్దకు పోవలెను. ఇంజనును ఆపి, చల్లార్చి, గాలిగొట్టమును విప్పి ఇరుసును కదల్చి చూడవలెను. ప్రక్కలకు స్వల్పముగా కదలుట సహజము. ముందు వెనుకలకు కదలుటయు, రెక్కలు గోడకు రాచుకొనుటయు చెడినదనుటకు గుర్తులు. నీలిపొగ, నూనె తరుగుట కూడ దీనిని బలపరచును. అట్లు చెడినచో, నూనె ఎందువలన అందలేదో కనుగొనకుండ క్రొత్త టర్బోను వేయరాదు, అదియు చెడును.

మసి ఫిల్టరు సంగతి

2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి 6 ప్రమాణముల డీసెలు కార్లలో పొగలోని మసిని పట్టు ఫిల్టరు కలదు. బండి కొంతసేపు నిలకడగా, వేడిగా నడచినపుడు ఆ మసి తానే కాలిపోవును. పట్టణములో చిన్న చిన్న దూరములే తిరుగు బండిలో మసి పేరుకొని శక్తి తగ్గును. ఆ ఫిల్టరు దీపము వెలిగిన వెంటనే, బండి పుస్తకములో చెప్పిన రీతిగా, 63వ నెంబరు జాతీయ రహదారి వంటి మార్గమున కొంతసేపు నిలకడ వేగముతో నడిపిన యెడల చాలమట్టుకు సరిపడును. దీపమును ఉపేక్షించిన యెడల వర్కుషాపు ఖర్చు తప్పదు.

డ్రైవర్లు పాటింపవలసినవి

శక్తి తగ్గినట్లు తోచినచో ముందున్న లారీని దాటు ప్రయత్నమును వెంటనే మానవలెను. రోడ్డు మధ్యమున పికప్ రాక నిలిచిపోవుట ప్రాణాపాయము. దీపము నిలకడగా వెలుగుచు, బండి మామూలుగా నడచుచున్నచో మెల్లగా వర్కుషాపునకు చేర్పవచ్చును. ఎర్రని నూనెడబ్బా దీపము వెలిగినచో తగిన స్థలమున బండిని ప్రక్కకు తీసి వెంటనే ఇంజనును ఆపవలెను.

నిర్ణీత కాలమునకు, పుస్తకములో చెప్పిన రకపు నూనెనే మార్చవలెను. ఇంజను పెట్టిన వెంటనే పెడలును గట్టిగా త్రొక్కరాదు. దూరప్రయాణము పిమ్మట ఒక నిమిషము నిదానముగా నడువనిచ్చి ఆపవలెను.

వర్కుషాపులో మూడు ప్రశ్నలు అడుగుట యజమానుల హక్కు: ఏ కోడు వచ్చినది? ఏయే పరీక్షలు చేసితిరి? తీసిన పాత భాగమేది? తెలిసిన మెకానిక్కు ఈ ప్రశ్నలకు కోపగింపడు. కోడును చూచి భాగమును మార్చువాడు ఊహించుచున్నాడు. పరీక్షించి మార్చువాడు వైద్యము చేయుచున్నాడు. ఈ భేదమును యజమాని ఎరిగియుండినచో, అతని కష్టార్జితము అనవసరపు ఖర్చుపాలు గాకుండును. బండినెక్కినవారు క్షేమముగా గమ్యము చేరుదురు.