కూరగాయల కట్లెట్టు – వంటింటి క్రియాపదములు



పనిని తెలుపు పదము క్రియాపదమని మీరు వ్యాకరణమున చదివియున్నారు. పని లేనిచోట క్రియ నిలువదు. ఏ ఇంట దంచుట మానివేయుదురో, ఆ ఇంట కొంతకాలమునకు 'దంచు' అను మాటయు వినబడదు. ఈ కారణముచే ఈ సంచికలోని పాఠమును పుస్తకమునుండి గాక వంటింటినుండి ఎత్తుకొనుచున్నాను. ఇందు రెండు విషయములు కలవు. కూరగాయల కట్లెట్టును ఇంటియందే శుచిగా, తక్కువ నూనెతో సిద్ధపరచు విధానము మొదటిది. ఆ పనిలో అడుగడుగున మనకు కావలసిన తెలుగు క్రియలు రెండవది.

పేరు వచ్చిన దారి

'కట్లెట్టు' మన మాట కాదు. ఫ్రెంచి భాషలో 'కోత్‌లెత్' అనగా చిన్న ప్రక్కటెముక. ఆ ఎముకతో కూడిన మాంసఖండమునకు అది పేరు. ఇంగ్లీషువారు దానిని 'కట్లెట్' అనిరి. వారి వెంట మన దేశమునకు వచ్చిన ఆ పేరు ఇచటి వంటవారి చేతిలో ఎముకను విడిచినది, మాంసమును విడిచినది. తుదకు మెదిపిన దుంపలో కూరగాయలు కలిపి తట్టిన బిళ్ళకు కూడ చెల్లుచున్నది. ఉత్తరదేశమున దీనికి దగ్గర చుట్టమైన బిళ్ళను 'టిక్కీ' యందురు.

బిళ్ళగా తట్టి వేయించుట మాత్రము మనకు క్రొత్త కాదు. కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున సంస్కృతమున రచించిన 'మానసోల్లాసము'లో వటకముల ప్రస్తావన కలదు. తెలుగున 'వడ', తమిళమున 'వడై', కన్నడమున 'వడె' అని మనము మూడు భాషలలో వినుచున్న మాట ఆ 'వటకము'నకు చుట్టమే. అయితే సోమేశ్వరుని వంటశాలలో బంగాళాదుంప లేదు, మిరపకాయయు లేదు. ఆ రెండును అమెరికా ఖండములలో పుట్టినవి. 1492 తరువాత ఐరోపావారి ఓడల వెంట లోకమంతట వ్యాపించినవి. అంతకు ముందు మన వంటలకు కారమిచ్చినవి మిరియములు, అల్లము మొదలగునవి.

వస్తువు క్రొత్తదైనప్పుడు దానికొక పేరు కావలసియుండును. బంగాళమునుండి వచ్చిన దుంపను 'బంగాళాదుంప' యనిరి. కట్లెట్టు అను నామవాచకమును అట్లే వస్తువుతోపాటు వచ్చినది. దానిని తరిమివేయ నక్కరలేదు. నామవాచకములు అతిథుల వంటివి. వచ్చుచుండును, కొన్ని ఉండిపోవును. క్రియల సంగతి వేరు. దానిని తరువాత చెప్పెదను.

ఒకే వస్తువు, పలు పేర్లు

నేను ఉపాధ్యాయ శిక్షణము పొందినది పొరుగు రాష్ట్రమున. అచటి పాఠ్యపుస్తకములలో 'బంగాళాదుంప' యని యుండెను. మన హోసూరు ప్రాంతపు పిల్లలు 'ఉర్లగడ్డ' యందురు. తెలంగాణమున 'ఆలుగడ్డ' యందురు. ఈ మూడును తెలుగు మాటలే. 'ఉర్లగడ్డ' మోటుమాట యని తలచి సిగ్గుపడవలదు. తమిళ కన్నడములలో 'ఉరుళు' అనగా దొర్లుట. గుండ్రముగ దొర్లు గడ్డ యని ఆ పేరునకు అందమైన అర్థము కలదు.

అట్లే మనము 'ఎర్రగడ్డ' యనుదానిని కోస్తావారు 'ఉల్లిపాయ' యందురు. 'నీరుల్లి' యనియు దానికి పేరు. కన్నడపు 'ఈరుళ్ళి'లో మన ఉల్లి వినబడుచునే యున్నది. మన 'కొత్తిమీర', తమిళుల 'కొత్తమల్లి', కన్నడిగుల 'కొత్తంబరి' అను మూడును సంస్కృతపు 'కుస్తుంబరి'కి బంధువులే.

ఒకచోట మాత్రము జాగ్రత్త వహింపవలెను. కన్నడమున పచ్చి అల్లమును 'హసి శుంఠి' యందురు. తెలుగున 'శొంఠి' యనగా ఎండిన అల్లమే. తెలుగు అంగడిలో శొంఠి కావలెనని అడిగినచో ఎండుకొమ్ములే చేతికి వచ్చును. మూడు భాషల నడుమ పెరుగు పిల్లలకు ఇట్టి తేడా లెరుగుట మిక్కిలి ఉపయోగకరము.

కావలసిన వస్తువులు

సుమారు 15 కట్లెట్లకు: బంగాళాదుంపలు అరకిలో, క్యారెట్టు 100 గ్రాములు, బీన్సు 100 గ్రాములు, పచ్చి బఠాణీలు 100 గ్రాములు, పెద్ద ఎర్రగడ్డ 1, పచ్చిమిరపకాయలు 4, అంగుళపు అల్లపు ముక్క, గుప్పెడు కొత్తిమీర, వేయించిన శనగపప్పును, అనగా పుట్నాలను, పొడిగొట్టిన పిండి 50 గ్రాములు, బొంబాయి రవ్వ 50 గ్రాములు, పసుపు చిటికెడు, నిమ్మకాయ అరచెక్క, ఉప్పు తగినంత, నూనె తగినంత.

చలికాలమున అనపకాయలు విరివిగా దొరకును గదా! అప్పుడు బఠాణీలకు బదులు అనపగింజలను నానబెట్టి, తొక్క పోవునట్లు పితికి, ఆ పితికిన పప్పును వాడవచ్చును. రుచియు హెచ్చు, ఖర్చును తగ్గును.

వండు విధానము

1. దుంపలను *ఏరవలెను*. పచ్చబారిన దుంపలలోను, మొలకలలోను సొలనిన్ అను చేదు విషపదార్థము హెచ్చును. ఉడికించినను అది పోదు. కావున మొలకలను లోతుగా చెక్కివేయవలెను. మిక్కిలి పచ్చబారిన దుంపలను పారవేయవలెను. కూరగాయలను కోయకముందే *కడుగవలెను*. కోసిన పిమ్మట కడిగినచో నీటిలో కరగు విటమినులు కొంత నీటితో పోవును.

2. దుంపలను తొక్కతోనే, మునుగునంత నీటిలో *ఉడకబెట్టవలెను*. తొక్క తీసి ముక్కలుగా కోసి ఉడికించినచో అవి నీటిని పీల్చుకొనును. ఆ ముద్ద బిళ్ళగా నిలువదు. మధ్యరకపు దుంపలు ఇరువదియైదు నిమిషములలో ఉడుకును. కత్తిమొన సులువుగ దిగుటయే గుర్తు. నీరు *వార్చి*, పళ్లెమున *ఆరబెట్టవలెను*. ఆవిరి పోవుకొలది తడి తగ్గును. చల్లారుకొలది పిండిపదార్థము గట్టిపడును. బఠాణీలను వేరుగా మెత్తబడువరకు ఉడికించి వార్చవలెను.

3. బీన్సును, ఎర్రగడ్డను సన్నగా *తరుగవలెను*. క్యారెట్టును *కోరవలెను*. అల్లమును, పచ్చిమిరపకాయలను *నూరవలెను*.

4. బాణలిలో రెండు చెంచాల నూనె కాగిన పిమ్మట ఎర్రగడ్డ ముక్కలను వేయించి, నూరిన ముద్దను, పసుపును వేసి, బీన్సును క్యారెట్టును కలిపి, మూతపెట్టి సన్నని మంటపై ఏడెనిమిది నిమిషములు *మగ్గించవలెను*. అడుగంటునట్లున్నచో నీరు *చిలకరించవలెను*. తుదకు మూత తీసి తడి యంతయు ఇగురువరకు ఉంచి, బఠాణీలను కలిపి చల్లార్చవలెను.

5. దుంపల తొక్క *ఒలిచి*, చేతితో *చిదిమి*, గరిటె వెనుకభాగముతో *మెదుపవలెను*. యంత్రములో వేసి రుబ్బరాదు. అట్లు రుబ్బినచో పిండికణములు పగిలి ముద్ద జిగురు వలె సాగును.

6. మెదిపిన దుంపలో మగ్గిన కూరగాయలను, పుట్నాల పిండిని, కొత్తిమీరను వేసి, నిమ్మరసము *పిండి*, ఉప్పు చల్లి, తేలికగా *పిసుకవలెను*. ఉప్పు కూరగాయల నుండి నీటిని బయటకు లాగును. కావున ఉప్పు కలిపిన ముద్దను నిలువ యుంచక వెంటనే వాడవలెను.

7. ముద్దను పెద్ద నిమ్మకాయంత ఉండలుగా *చుట్టి*, అరచేతిలో అరంగుళపు మందమున *తట్టవలెను*. అంచులలో పగుళ్ళు కనబడినచో వ్రేలితో *అదుమవలెను*. రెండు ప్రక్కల రవ్వ *అద్దవలెను*.

8. పెనము కాగిన పిమ్మట రెండు చెంచాల నూనె వేసి, నాలుగైదు బిళ్ళలను విడివిడిగా పరచి, మధ్యస్థమైన మంటపై ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషములు *కాల్చవలెను*. అడుగు ఎర్రబడి గట్టిపడకముందు కదల్పరాదు. పిదప అట్లకాడతో *త్రిప్పవలెను*. మిగిలిన బిళ్ళలకును ఇట్లే నూనె వేసి కాల్చవలెను.

బిళ్ళలు విరుగుటకు, నూనె పీల్చుటకు కారణములు

కట్లెట్లు పెనముపై విరిగినచో కారణము సాధారణముగ మూడింటిలో ఒకటి: దుంప తడిగా నుండుట, కూరగాయలలో నీరు ఇగురకుండుట, పెనము తగినంత కాగకుండుట. మొదటి రెండింటికి మరికొంత పుట్నాల పిండి మందు. అది తడిని పీల్చుకొని ముద్దను పట్టియుంచును.

నూనెలో వేసిన పదార్థము చుట్టు బుడగలు లేచుట మీరు చూచియుందురు. ఆ బుడగలు నూనెవి కావు. పదార్థములోని నీరు ఆవిరియై వెలువడుచున్నది. ఆ ఆవిరి వడిగా వెలువడుచున్నంతసేపు నూనె లోనికి చొరబడుట కష్టము. నూనె చాలినంత కాగనిచో ఆవిరి మందముగ వెలువడును, పైపొర గట్టిపడుటకు ఆలస్యమగును, బిళ్ళ నూనెతో నానును. చిన్న పిండిముద్దను వేసి చూడుడు. వెంటనే చుట్టును బుడగలు లేచినచో నూనె సిద్ధము. పొగ లేచినచో మితిమీరి కాగినది, మంట తగ్గింపవలెను.

మరియొక ప్రశ్న. ఉడికిన దుంప తెల్లగనే యుండగా కాలిన బిళ్ళ ఎర్రబడుట ఏల? మామూలుగ నీరు 100 సెంటీగ్రేడు డిగ్రీలకు మించి వేడెక్కదు. పదార్థములోని చక్కెరలును, ప్రోటీనుల భాగములైన ఆమ్లములును కలిసి ఎరుపును, కమ్మని వాసనను పుట్టించు చర్య వడిగా సాగుటకు సుమారు 140 డిగ్రీల వేడి కావలెను. పైపొరలో తడి యున్నంతవరకు అది ఎర్రబడదు. తడి పోయిన పిదపనే రంగు వచ్చును.

నూనెకు మంట అంటుకొన్నచో ఎన్నడును నీరు పోయరాదు. నీరు క్షణములో ఆవిరియై మండు నూనెను నలుదిక్కుల విరజిమ్మును. పొయ్యి ఆర్పి, లోహపు మూతతో పాత్రను కప్పి, చల్లారువరకు తాకకుండుడు. పెద్దలు దగ్గర లేనిదే పిల్లలు పొయ్యి వెలిగింపరాదు.

ఒక్క క్రియ అన్నింటిని మ్రింగుచున్నది

ఇప్పుడు 'వండు విధానము' అను భాగమును మరల చదువుడు. అందు 'చేయు' అను క్రియ ఒక్కచోటను లేదు. దానిని కావలెననియే విడిచితిని.

నేడు ఇదే విధానమును మనవారిలో పెక్కురు ఇట్లు చెప్పుచున్నారు: "బాయిల్ చేసి, మ్యాష్ చేసి, మిక్స్ చేసి, ఫ్రై చేయాలి." ఇందు తెలుగు క్రియ ఒక్కటే మిగిలినది. ఉడకబెట్టు, చిదుము, మెదుపు, పిసుకు, కాల్చు అను మాటలన్నియు 'చేయు' అను దాని నీడలో అణగిపోయినవి. వస్తువుతో వచ్చిన పేరును మనము స్వీకరించితిమి, తప్పు లేదు. ఈ పనులో, మన ఇండ్లలో తరతరములుగ జరుగుచున్నవే. వానికి మాటలు లేక అరువు తెచ్చుకొనుటలేదు. ఉన్న మాటలను మరచి అరువు తెచ్చుకొనుచున్నాము.

దీనివలన నష్టము అభిమానమునకు మాత్రమే కాదు, అర్థమునకును నష్టమే. "జీలకర్రను ఫ్రై చేయుము" అనిన వట్టి బాణలిలోనా, నూనెలోనా? తెలుగున 'వట్టిగా వేయించు', 'తాళించు' అని వేరువేరుగ చెప్పినచో సందేహమే లేదు. పెనముపై దోసెను కాల్చుదురు. కాగిన నూనెలో వడను వేయింతురు. కోసిన ముక్క వేరు, తరిగిన ముక్క వేరు, కోరిన తురుము వేరు. ఇన్ని తేడాలను అవ్వలు అక్షరము నేర్వకయే ఎరిగిరి. అక్షరము నేర్చిన మనము వానిని పోగొట్టుకొనుట తగునా?

తలిదండ్రులకు మనవి

భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని, 1956లో జరిగిన ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ హక్కు విలువైనది. అయినను ఏ చట్టమును వంటింటిలోనికి రాజాలదు. మేము పాఠశాలలో సంధులు, సమాసములు నేర్పగలము. 'మగ్గించు' అను మాటను పలకపై వ్రాసి చూపగలము. మూత తీయగానే ముఖమునకు తగులు ఆవిరితో ఆ మాటను కలిపి నేర్పుట మీ చేతిలోనిదే.

ఆదివారమున ఒక గంట పిల్లలను వంటింటిలో నిలుపుడు. ఆడపిల్లలనే కాదు, మగపిల్లలను కూడ. మంచి వంటను మనవారు 'నలభీమపాక'మని మెచ్చుకొందురు. నలుడును భీముడును పురుషులే గదా! ఆ గంటసేపు పనులన్నియు తెలుగు క్రియలతోనే చెప్పుడు. ఇంట అవ్వ యున్నచో ఆమెయే గురువు. తమిళము, కన్నడము, ఇంగ్లీషు బిడ్డలకు వీధిలోను, తరగతిలోను వచ్చును, అవి రావలసినవే. ఈ మాటలు మాత్రము ఇంట రానిచో మరెచ్చటను రావు.

అభ్యాసము

1. ఈ క్రింది జంటలలోని భేదమును సొంత వాక్యములలో చూపుడు: తరుగు – కోరు, మెదుపు – పిసుకు, కాల్చు – వేయించు, వార్చు – ఇగుర్చు.

2. దుంపలను తొక్కతోనే ఉడకబెట్టవలెననుటకు కారణమేమి? ఉప్పును తుదకు చల్లుట ఏల?

3. మీ అవ్వనుగాని అమ్మనుగాని అడిగి, ఈ పాఠమున లేని వంటింటి క్రియలు ఐదు సేకరింపుడు. ఒక్కొక్క క్రియ ఏ పనికి, ఏ వస్తువు విషయమున వాడబడునో వ్రాయుడు.

4. మీ ఇంట రాగి సంగటి వండు విధానమును పది వాక్యములలో వ్రాయుడు. 'చేయు' అను క్రియను ఒక్కసారియు వాడరాదు. వ్రాసిన దానిని ఇంటివారికి చదివి వినిపించి, వారు చెప్పిన సవరణలతో తరగతికి తీసికొనిరండు.