పనిముట్టు పరీక్ష

నిర్మల్ జిల్లాలో గోదావరికి చేరువనున్న ఖానాపూరు అంగడిలో రెండు పానాలు ప్రక్కప్రక్కన ఉన్నవనుకొందము. రెండును 13 మిల్లీమీటర్ల కొలతవే. రెండును తళతళ మెఱయుచున్నవి. ఒకదాని వెల రెండవదానిలో సగమే. తన సైకిలును తానే బాగుచేసికొనదలచిన బాలుడు దేనిని కొనవలెను?

వెల తక్కువయని తొందరపడరాదు. లోహము మెత్తనిదైనచో, బలముగా త్రిప్పినపుడు పానా దవడలు విచ్చుకొనును. అది జాఱి నట్టు మూలలు అరగిపోవును, వ్రేళ్లకు గాయమగును. పిదప ఎంత మంచి పానాయైనను ఆ నట్టును పట్టజాలదు.

కావున పనిముట్లను పోల్చి చూడవలెను. పానాను నట్టుకు తొడిగినపుడు అది వదులుగా ఆడరాదు. సుత్తి కామలో కఱ్ఱచారలు పొడుగునా సాగవలెను, ముడులుండరాదు, తల కదలరాదు. ఉలి అంచు మూలను ఆకురాయితో మెల్లగా రుద్దవలెను. ఆకురాయి సులభముగా కోసినచో ఆ ఉలి మెత్తనిది, జాఱిపోయినచో గట్టిది.

అయితే గట్టిదనమొక్కటియే చాలదు. మిక్కిలి గట్టిదైన అంచు పెళుసై దెబ్బకు విఱుగును. అందుచేతనే కమ్మరి ఉక్కును ఎఱ్ఱగా కాల్చి నీట ముంచి, మరల కొంచెము వేడిచేయును. మొదటి పని గట్టిదనము నిచ్చును. రెండవది పెళుసుదనమును తగ్గించును. ఈ రెండింటి పొందికయే మంచి పనిముట్టు.

ఉక్కును ఎంచి కొనుట ఈ ప్రాంతమునకు క్రొత్తగాదు. గోదావరి దాటి దక్షిణమునకు పోయినచో నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను గ్రామము కలదు. పూర్వమచట మట్టిమూసలలో ఇనుమునుంచి, 24 గంటలు ఎడతెగక కొలిమి మండించి ఉక్కు చేసెడివారు. భూగర్భ శాస్త్రవేత్త వాయిసీ ఆ విధానమును కన్నులార చూచి వ్రాసిన వర్ణనము 1832లో అచ్చయినది. పర్షియా దేశపు ఇస్ఫహాన్ నగరమునుండి వచ్చిన వర్తకుడొకడు అచట దగ్గరనుండి సరకు కొనుచుండెనని అతడు తెలిపెను. మంచి సరకుకై ఆ వర్తకుడు ఎంత దూరము వచ్చెనో చూడుడు!

లండనులో ఒక కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819లో భారతదేశపు ఉక్కును పరీక్షించి వ్యాసము వ్రాసెను. నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాలు కర్బనముండుటయే దాని గట్టిదనమునకు ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు తరువాత నిర్ణయించిరి.

పనిముట్లన్నియు ఒక్కనాడే కొననక్కరలేదు. అవసరమును బట్టి ఒక్కొక్కటి కొని, పని ముగియగనే తుడిచి, త్రుప్పు పట్టకుండ నూనె పూసి దాచవలెను. మెఱుగు చూచి కొన్న పదింటికంటె పరీక్షించి కొన్న ఒక్కటి మేలు.

ప్రశ్నలు

1. మెత్తని పానా వలన కలుగు నష్టములెవ్వి?
2. కమ్మరి ఉక్కును రెండుమారులు వేడిచేయుటకు కారణమేమి?
3. మీ యింటిలోని రెండు పనిముట్లను పోల్చి వ్రాయుడు.