కాంతి కాలువ

(విజ్ఞాన వ్యాసం)

పాఠ్యభాగం

గోదావరీ తీరాన పోచంపాడ్ వద్ద 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ జలాశయం ఉత్తర తెలంగాణకు జీవనాధారం. సమీపంలోని ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాలు పసుపు పంటకు ప్రసిద్ధి పొందాయి. ఆ పసుపు అమ్ముడయ్యే నిజామాబాద్ మార్కెట్, 2016 ఏప్రిల్‌లో ఆరంభమైన ఈ-నామ్ విపణిలో తొలిదశలోనే చేరింది. ఈ విధానంలో వర్తకులు తమ ధరను కంప్యూటర్ ద్వారా నమోదు చేస్తారు. దాదాపు తొమ్మిది నెలల శ్రమకు వెల కట్టే ఆ ఘడియలో సమాచార సంబంధం తెగితే రైతు ఎదురుచూపు మరింత దీర్ఘమవుతుంది. కనుక ఆ సంబంధాన్ని నిలిపే సాధనాలను గురించి తెలుసుకోవడం అవసరం.

కాలువలో నీరు ప్రవహించినట్లు ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి ప్రవహిస్తుంది. గాజు తంతువు నడిమి భాగాన్ని ‘కోర్’ అనీ, దాని చుట్టూ ఉండే పొరను ‘క్లాడింగ్’ అనీ అంటారు. కోర్ వక్రీభవన గుణకం అధికం. అందువల్ల కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ బయటికి పోకుండా ముందుకు సాగుతుంది. గాజులోని మాలిన్యాలను తొలగిస్తే కాంతి సుదూరం పయనించగలదని 1966లో ప్రతిపాదించిన చార్లెస్ కావోకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

కాలువ నీటిని తూములు పొలాలకు పంచినట్లు, వచ్చిన సమాచారాన్ని చేరవలసిన కంప్యూటర్‌కే చేర్చేది ‘స్విచ్’. అయితే స్విచ్ గ్రహించేది విద్యుత్ సంకేతాన్ని. కేబుల్ తెచ్చేది కాంతిని. ఈ రెంటికీ దుబాసి వంటిది స్విచ్‌లో అమర్చే ‘ఎస్‌ఎఫ్‌పీ’ అనే చిన్న మాడ్యూల్. బయటి నుండి వచ్చిన కేబుల్ తంతువులను టెర్మినేషన్ పెట్టెలో కరిగించి అతికి, అక్కడి నుండి ప్యాచ్ కార్డ్‌తో ఈ మాడ్యూల్‌కు కలుపుతారు. సాధారణంగా రెండు తంతువులు ఉంటాయి. ఒక కొసన పంపే తంతువు రెండవ కొసన స్వీకరించే రంధ్రానికే చేరాలి. ఈ క్రమం తప్పితే సంబంధం ఏర్పడదు. తంతువు రకానికి తగిన మాడ్యూళ్లనే రెండు కొసలా వాడాలి.

దూరప్రయాణానికి వాడే సింగిల్ మోడ్ తంతువు కోర్ వ్యాసం సుమారు 9 మైక్రోమీటర్లు మాత్రమే. పసుపు ధూళి రేణువు ఒకటి దాని ముఖాన్ని కప్పివేయగలదు. అందుచేత కలిపే ముందు కొసను శుభ్రపరచాలి. వాడనప్పుడు మూత తీయరాదు. కేబుల్‌ను బిగువుగా వంచితే కాంతి వెలికి జారిపోతుంది. ఆ కాంతి కంటికి కనిపించని పరారుణ కాంతి. కనిపించనంత మాత్రాన కొసలోకి తొంగి చూడరాదు. కంటికి హాని కలుగవచ్చు.

పొలానికి నీరు ఎంత ముఖ్యమో, పండిన పంటకు ధర తెలియడం అంత ముఖ్యం. నాటి కాలువ మొదటిదానిని తీర్చింది. నేటి కాంతి కాలువ రెండవదానికి తోడ్పడుతున్నది.

కఠిన పదాలకు అర్థాలు

విపణి = అంగడి
తంతువు = దారం, పోగు
దుబాసి = ఇరు భాషలవారికి మధ్యవర్తి
రేణువు = ధూళి కణం

ప్రశ్నలు

1. కాలువకూ ఆప్టికల్ ఫైబర్‌కూ గల పోలికలను వివరించండి.
2. ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్‌ను దుబాసితో ఎందుకు పోల్చారు?
3. తంతువు కొసను శుభ్రంగా ఉంచడం ఎందుకు అవసరం?